ఉత్సాహం ఉడిగిన తరువాత

ఆంధ్రులు ఆరంభశూరులన్నది తెలుగువారు తమ మీద తామే వేసుకుని నవ్వుకునే పాత మాట. పట్టిన పనిని నడిమధ్యలో వదిలేయడం నిజంగా ఏ ఒక్క జాతి సొత్తే అయి ఉంటే, సంస్కృత కవి భర్తృహరి నీతిశతకంలో మనుషులను మూడు తరగతులుగా విభజించవలసిన అవసరమే వచ్చేది కాదు. విఘ్నాలకు జంకి పనే తలపెట్టనివారు, తలపెట్టి అడ్డంకి ఎదురుకాగానే చేతులెత్తేసేవారు, ఎన్ని దెబ్బలు తగిలినా పట్టు విడవనివారు అన్న ఆ విభజనను ఏనుగు లక్ష్మణకవి తెలుగు పద్యంగా మలచగా, తరతరాల బడిపిల్లలు దాన్ని వల్లెవేశారు. మూడో తరగతివారికి ఆ పద్యం చెదరని ఉత్సాహాన్ని లక్షణంగా చెబుతుంది గాని, ఆ ఉత్సాహమే ఉడిగిపోయిన రోజున వారేం చేస్తారన్న ప్రశ్న జోలికి పోదు. ఆ ప్రశ్నతో ఎక్కువగా పెనుగులాడినవారు నీతికవులు కారు. మఠాల్లో, ఆశ్రమాల్లో, ఇళ్లలోని పూజగదుల్లో ఏళ్లతరబడి ఒకే నియమాన్ని పాటించిన భక్తులు, సన్యాసులు.

బరువు తగ్గాలని నడక మొదలుపెట్టినవారికీ, మద్యం మానాలని నిశ్చయించుకున్నవారికీ, ఉద్యోగ పరీక్షకు చదువుతున్నవారికీ మొదటి వారాల్లో ఉన్న ఊపు ఆ తరువాత ఉండదన్నది అనుభవంలో ఉన్న విషయమే. ప్రేరణ, అంటే మనిషిని లోపలినుంచి పనికి పురికొల్పే శక్తి, మొదట్లోనూ చివర్లోనూ బలంగా ఉండి మధ్యలో సన్నగిల్లుతుందని 2011లో బొనెజీ, బ్రెండల్, డి ఏంజెలిస్ అనే ముగ్గురు పరిశోధకులు ప్రయోగాల ద్వారా చూపారు. మొదట్లో మనిషి తాను బయలుదేరిన చోటినుంచి ఎంత దూరం వచ్చాడో చూసుకుంటాడనీ, చివర్లో ఇంకా ఎంత మిగిలిందో చూసుకుంటాడనీ, నడుమ ఎటు చూసినా ఆనాటి ఒక్క అడుగు విలువ స్వల్పంగా కనిపిస్తుందనీ వారు వివరించారు.

ఈ నడిమి దశను, ప్రయోగశాలలు లేని కాలంలోనే, ఎంతో నిశితంగా వర్ణించినవాడు ఇవాగ్రియస్ పోంటికస్. నాలుగో శతాబ్దపు చివరి సంవత్సరాల్లో ఈజిప్టు ఎడారిలోని కుటీరంలో తపోజీవితం గడిపిన ఈ క్రైస్తవ సన్యాసి, సాధకుడిని పట్టిపీడించే దురాలోచనలను ఎనిమిదిగా లెక్కగట్టి, వాటిలో అన్నిటికంటే బరువైనదానికి గ్రీకులో అసీడియా అని పేరుపెట్టాడు. సాధన మీద ఆసక్తి చచ్చిపోయి, చేస్తున్న పనీ ఉంటున్న చోటూ రెండూ రోత పుట్టించే స్థితి అది. మిట్టమధ్యాహ్నం దాడిచేసే ఈ భూతం సూర్యుడు కదలడం మానేశాడేమో అనిపించేలా, పగలు యాభై గంటలు సాగుతున్నట్టు తోచేలా చేస్తుందనీ, భోజనవేళ ఎంత దూరంలో ఉందో చూడటానికి సన్యాసిని పదేపదే కిటికీ దగ్గరికీ గుమ్మం బయటికీ లాగుతుందనీ, తోటివారిలో ప్రేమ అడుగంటిందనీ మరో చోటికి వెళితే దేవుణ్ణి ఇంతకంటే హాయిగా కొలవవచ్చనీ చెవిలో ఊదుతుందనీ ఆయన రాశాడు. గంటకు నాలుగుసార్లు ఫోన్ తీసి చూసుకునే పరీక్షార్థికి ఆ కిటికీ సంగతి వేరుగా విడమరిచి చెప్పనక్కర లేదు. ఇంత వర్ణించినవాడు చెప్పిన చికిత్స మాత్రం చాలా పొడిగా ఉంటుంది: కుటీరం విడిచిపోకూడదు, చేతిలోని పని ఆపకూడదు.

పతంజలి యోగసూత్రాల్లోనూ ఇలాంటి పట్టిక ఒకటి ఉంది. సాధనకు అడ్డుపడే తొమ్మిది అంతరాయాల్లో వ్యాధి, సందేహం, సోమరితనం వంటివి ఎవరైనా ఊహించగలిగేవే. వాటితోపాటు స్త్యానం అంటే పని చేయాలని తెలిసినా మనసు మొద్దుబారి కదలకపోవడం, అలబ్ధభూమికత్వం అంటే ఎంత శ్రమించినా ఆశించిన మెట్టు అందకపోవడం, అనవస్థితత్వం అంటే అందుకున్న మెట్టు మీద నిలవలేకపోవడం కూడా చేరాయి. చల్లబడిపోవడాన్ని సాధకుడి వ్యక్తిగత లోపంగా చూడకుండా, దారిలో తప్పక ఎదురయ్యే మజిలీగా ముందే రాసిపెట్టడం ఈ రెండు సంప్రదాయాల్లోనూ కనిపిస్తుంది. నేటి వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాలు చాలావరకు ఆరిపోయిన ఉత్సాహాన్ని తిరిగి రాజేసే ఉపాయాలు చెబుతుండగా, ఈ పాత గ్రంథాలు ఉత్సాహం లేని రోజున కూడా పని సాగే ఏర్పాటు గురించి ఆలోచించాయి. రెండో ఆలోచనే ఎక్కువ లోకజ్ఞానం గలదని ఒప్పుకోవలసి ఉంటుంది.

తెలుగు ఇళ్లలో అలాంటి ఏర్పాటుకు రామకోటి చక్కని ఉదాహరణ. శ్రీరామ అన్న నామాన్ని కోటిసార్లు రాస్తామని మొక్కుకునేవారికోసం గళ్లు అచ్చువేసిన పుస్తకాలు పూజాద్రవ్యాల దుకాణాల్లో దొరుకుతాయి. ఒక్కో గడిలో ఒక్కో నామం రాస్తూ పేజీ నింపడం, పేజీలు కలిసి పుస్తకం కావడం, నిండిన పుస్తకాలను భద్రాచలంలోనో దగ్గరి రామాలయంలోనో సమర్పించడం ఇందులోని క్రమం. కోటి అన్న సంఖ్యను నోటితో అనడం తేలిక. రోజుకు వెయ్యి నామాల చొప్పున రాస్తే కోటికి పదివేల రోజులు, అంటే ఇరవై ఏడేళ్లకు పైగా పడుతుంది. రోజుకు రెండువేలు రాసేవారికి పద్నాలుగేళ్లకు మూడు నాలుగు నెలలు తక్కువ పడుతుంది. రాముడి వనవాసం కూడా పద్నాలుగేళ్లే కావడం ఎవరూ ఉద్దేశించి కల్పించిన పోలిక కాకపోయినా, రాసేవారికి అది గుర్తుకు రాకుండా ఉండదు. ఒక్కో నామానికి మూడు సెకన్లు వేసుకున్నా రెండువేల నామాలకు రోజూ గంటా నలభై నిమిషాలు కూర్చోవాలి. త్యాగరాజస్వామి (1767–1847) ఇరవై ఒక్క ఏళ్లలో తొంభై ఆరు కోట్ల రామనామ జపం పూర్తిచేశారని సంప్రదాయం చెబుతుంది. ఆ లెక్కను రోజులకు పంచితే రోజుకు సుమారు లక్షా పాతికవేలు వస్తుంది. చరిత్రకారుడు ఆ సంఖ్య దగ్గర ఆగిపోవచ్చు గాని, జపం చేసే భక్తులకు దాన్ని మించిన కొలమానం లేదు.

ఇంత పెద్ద లక్ష్యాన్ని సంకల్పబలం ఒక్కటే మోయలేదు. మొదటి పుస్తకంలో అక్షరాలు గుండ్రంగా, గళ్ల మధ్యన పొందికగా కుదురుతాయి. నాలుగో పుస్తకం నాటికి సుడులు సాగిపోయి, దీర్ఘాలు పక్కగడిలోకి వాలి, వేళ్లు తిమ్మిరెక్కి, ఒక చెవి టీవీ సీరియల్ వైపు ఉండగా చేయి తన మానాన తాను రాసుకుపోతుంది. భక్తి లేని రాత రాతే కాదని గట్టిగా వాదించేవారు ఎప్పుడూ ఉంటారు. నామస్మరణ సంప్రదాయం మాత్రం ఈ విషయంలో ఉదారంగానే ఉంటుంది. తెలిసి ముట్టినా తెలియక ముట్టినా నిప్పు కాలుస్తుందన్న నానుడిని ఆధారం చేసుకుని, మనసు పెట్టినా పెట్టకపోయినా నామం పనిచేస్తుందని భాగవతంలోని అజామిళోపాఖ్యానాన్ని ఉదాహరణగా చూపుతుంది. మరణభయంతో నారాయణుడనే కొడుకును పేరుపెట్టి పిలిచినవాడికే నారాయణ నామం ఫలించిందన్న ఆ కథలోని తత్త్వార్థం ఎలా ఉన్నా, దాని ఆచరణ ఫలితం స్పష్టం: ఈ రోజు మనసు కుదరలేదన్న కారణంతో పుస్తకం మూసేయడానికి భక్తుడికి వీలు చిక్కదు. మనసు కుదరడం నియమంలో భాగమే కాదు. గడి నింపడమే నియమం. కోటి అనే దూరపు సంఖ్య కళ్లముందునుంచి తప్పుకుని ఆ స్థానంలో ఈనాటి పేజీ నిలబడటం వల్ల, మధ్యలో ఒక్క అడుగుకు విలువ లేదనిపించే ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

ఇక్కడ విశ్వాసం చేస్తున్న పనిని సరిగా గుర్తించాలి. తాను తప్పక గెలుస్తానన్న నమ్మకం ఆత్మవిశ్వాసం. అది గెలుపు గుర్తులు కనిపించినంతకాలమే బలంగా ఉంటుంది. భక్తుడి విశ్వాసం తన శక్తి మీద కాక, మాట తీసుకున్నవాడి మీద ఉంటుంది గనుక తన శక్తి తగ్గిన రోజున కూడా ఆ మాట తగ్గదు. పూజ మొదట్లో పురోహితుడు చెప్పించే సంకల్పంలో జంబూద్వీపం, భరతవర్షం, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నదీ, ఏ నదుల నడుమ ఉన్నదీ, సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం, ఆపైన గోత్రం, పేరు వచ్చి, చివరికి చేయబోయే పని వస్తుంది. పని ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేయాలో ముందే నిర్ణయించుకున్నవారు దాన్ని పూర్తిచేసే అవకాశం ఎక్కువని జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గొల్విట్జర్ పరిశోధనలు చెబుతున్నాయి గనుక, మన పెద్దలు ఆ శాస్త్రాన్ని ఏనాడో కనిపెట్టారని చెప్పాలన్న ఉబలాటం కలుగుతుంది. అయితే సంకల్పంలో చెప్పేది రేపటి ప్రణాళిక కాదు, ఈ క్షణంలో ఈ చోట నిలబడి ఉన్న మనిషి ఎవరన్నది మాత్రమే. పొరుగువారితో చేసుకునే ఒప్పందపత్రంలో తేదీ, స్థలం, తండ్రిపేరు రాసినట్టే ఇక్కడ కూడా చెబుతారు. ఎదుటి పక్షం దైవం కావడమే తేడా.

మాట దైవానికి ఇచ్చినా, దాన్ని నిలబెట్టడంలో ఊరివారి పాత్ర తక్కువేమీ కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కార్తిక మాసం రాగానే కనిపించే అయ్యప్ప దీక్షను తీసుకుంటే, మండలం అని పిలిచే నలభై ఒక్క రోజులపాటు నల్లబట్టలు, మెడలో మాల, చెప్పులు లేని నడక, తెల్లవారుజామున చన్నీటి స్నానం, నేలమీద పడక, మద్యమాంసాలకు పూర్తి దూరం ఉంటాయి. ఇవన్నీ ఒక ఎత్తయితే, మాల వేసిన క్షణంనుంచి భార్యాబిడ్డలు మొదలు ఆటోడ్రైవరు, ఆఫీసులో పై అధికారి వరకు అందరూ ఆ మనిషిని పేరుపెట్టి పిలవడం మాని స్వామీ అని పిలవడం ఒక్కటీ ఒక ఎత్తు. నిన్నటిదాకా సిగరెట్టు అందించిన కిళ్లీకొట్టువాడే ఈ రోజు స్వామీ అని చేతులు జోడిస్తే, సిగరెట్టు అడగడానికి నోరు రాదు. విజయవాడ భవానీ దీక్ష, శివదీక్ష, హనుమాన్ దీక్ష కూడా ఇదే అచ్చులో నడుస్తాయి. లోపలి ప్రేరణ ఎండిపోయిన రోజున బయటి పిలుపు ఆ లోటు తీరుస్తుందన్న మాట.

నియమం కఠినంగా ఉన్న చోటే సడలింపు కూడా ఉండటం గమనార్హం. దగ్గరి బంధువు మరణించి మైల వస్తే దీక్షాపరుడు మాల తీసేయవలసి ఉంటుంది; అది దీక్ష తప్పడం కాదు. రంజాన్ నెలలో జబ్బుపడినవారికీ, ప్రయాణంలో ఉన్నవారికీ ఉపవాసంనుంచి మినహాయింపు ఇచ్చి, తప్పిన రోజులను తరువాత పూర్తిచేసుకోవాలని ఇస్లాం చెబుతుంది. తప్పిన ఆ ఉపవాసాన్ని తీర్చుకోవడాన్ని ఖజా అంటారు. దేవుడికి ఎక్కువ ఇష్టమైన పని చిన్నదైనా విడవకుండా చేసేదేనన్న భావం ప్రవక్త మాటగా హదీసుల్లో, అంటే ఆయన ఉక్తులను, నడవడిని నమోదుచేసిన సంకలనాల్లో, ప్రసిద్ధం. ఒక్క రోజు తప్పితే అంతా పాడైపోయిందని మిగతాదంతా వదిలేసే తొందర ఏ నియమాన్నైనా మొదలుపెట్టినవారిలో ఉంటుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద జరిపిన అధ్యయనంలో ఒక పని అలవాటుగా స్థిరపడటానికి సగటున 66 రోజులు పట్టగా, అది మనిషిని బట్టి 18 రోజులనుంచి 254 రోజుల దాకా మారింది; నడుమ ఒక రోజు తప్పినా ఆ అలవాటు ఏర్పడటం మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. ఈ లెక్కన చాలామందికి మండలం చాలకపోవచ్చు.

ఇంతవరకు చెప్పినవన్నీ ప్రేరణ కొన్నాళ్లు తగ్గి మళ్లీ పుంజుకునే సందర్భాలు. అది తిరిగి రాకపోతే ఏమవుతుందన్న దానికి ఇరవయ్యో శతాబ్దంలో మదర్ తెరిసా జీవితాన్ని మించిన సాక్ష్యం దొరకడం కష్టం. 1910లో స్కోప్యేలో పుట్టి, 1929లో లొరెటో సన్యాసినుల సంఘం సభ్యురాలిగా భారతదేశానికి వచ్చి, కలకత్తాలో బడిపిల్లలకు పాఠాలు చెప్పిన ఆమె, 1942లోనే దేవుడు ఏది అడిగినా కాదనకూడదని రహస్యంగా ఒక వ్రతం పట్టింది. 1946 సెప్టెంబరు 10న డార్జిలింగ్ వెళ్తున్న రైలులో నిరుపేదల మధ్య బతకమన్న పిలుపు వినిపించిందని ఆమె చెప్పుకుంది. ఆ తరువాత కొన్ని నెలలపాటు ప్రార్థనలో కలిగిన గాఢమైన ఆనందం, 1948లో కాన్వెంటు విడిచి మురికివాడల్లో పని మొదలుపెట్టిన కొద్దికాలానికే అదృశ్యమైంది. 1950లో మిషనరీస్ ఆఫ్ చారిటీ ఏర్పడింది, దేశదేశాలకు విస్తరించింది, 1979లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది, 1997లో ఆమె కన్నుమూసింది. 1958లో ఒక స్వల్పకాలం మినహా, ఈ అర్ధశతాబ్దమంతా ఆమెకు ప్రార్థనలో దేవుడి సన్నిధి అనుభవానికి రాలేదు.

ఈ సంగతి ఆమె తన ఆధ్యాత్మిక సలహాదారులకు రాసిన ఉత్తరాల వల్ల బయటపడింది. వాటిని నాశనం చేయమని ఆమె కోరినా, అవి భద్రపరచబడి 2007లో బ్రయన్ కొలోడియేచుక్ సంపాదకత్వంలో పుస్తకంగా వెలువడ్డాయి. అప్పుడు కొందరు ఆమెను కపటి అన్నారు, నవ్వుతూ ఇతరులకు దేవుడి ప్రేమ గురించి చెప్పిన మనిషికి అదే కరువైందని ఎత్తిపొడిచారు. ఉత్తరాలను ఓపికగా చదివితే ఆ నిందకంటే ఆసక్తికరమైన విషయం కనిపిస్తుంది. 1961 ప్రాంతంలో జెసూట్ గురువు జోసెఫ్ నాయ్‌నర్ ఆమెతో మూడు మాటలు చెప్పాడు: ఈ చీకటికి మనిషి చేయగల మందు లేదు; దేవుడు ఉన్నట్టు అనిపించడం ఒక్కటే ఆయన ఉనికికి రుజువు కాదు, ఆయనకోసం ఇంత తపించడమే ఆయన ఉన్నాడనడానికి గుర్తు; ఈ చీకటి ఆమె చేస్తున్న పనిలో ఒక భాగం. పదహారో శతాబ్దపు స్పానిష్ సాధువు సెయింట్ జాన్ ఆఫ్ ది క్రాస్ ఆత్మకు పట్టే చీకటి రాత్రి గురించి రాసినదానికి ఇది దగ్గరి చుట్టమే. ఆ మాటలు విన్నాక చీకటి తొలగిపోలేదు, దానితో ఆమె పోరాటం మాత్రం చాలావరకు ముగిసింది. తెల్లవారకముందే లేవడం, పూజ, ధ్యానం, తరువాత రోగుల దగ్గరికి వెళ్లడం అనే దినచర్య ఆమెకు అనుభూతి తోడు లేకుండానే సాగింది. ఆమె సంస్థల్లోని వైద్యసదుపాయాల మీద వచ్చిన విమర్శలు వేరే చర్చకు సంబంధించినవి; ప్రేరణ లేకుండా పని ఎంతకాలం సాగగలదన్న ప్రశ్నకు మాత్రం ఆమె జీవితం దాదాపు యాభై ఏళ్లు అని జవాబు చెబుతుంది.

అయితే పట్టుదలను అంధంగా పూజించడం ఈ సంప్రదాయాల ఉద్దేశం కాదు. అభ్యాసం, అంటే ఒకే పనిని పదేపదే చేయడం, దానికి తోడుగా వైరాగ్యం, అంటే ఫలితం మీది పట్టు సడలించడం, ఈ రెంటితోనే చంచలమైన మనసు లొంగుతుందని భగవద్గీత ఆరో అధ్యాయం చెబుతుంది. రెండో సగం లేని అభ్యాసం మొండితనంగా మారుతుంది: మూడుసార్లు తప్పిన పరీక్షకే నాలుగో ఏడూ, ఐదో ఏడూ కూర్చుని, దేవుడు పరీక్ష పెడుతున్నాడని సరిపెట్టుకునేవారు కోచింగ్ కేంద్రాలున్న ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. మొక్కుకున్నది ప్రయత్నాన్నేగాని ఉద్యోగాన్ని కాదని గుర్తుంటే, దారి మార్చుకోవడం మాట తప్పడం కాదని కూడా తెలుస్తుంది. అలాగే రెండు వారాలకు మించి ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి తప్పడం, బతుకు దండగ అనిపించడం వంటివి కలిసి వస్తే, అవి కుంగుబాటు అనే జబ్బు లక్షణాలు కావచ్చు. దానికి జపమాలతోపాటు వైద్యుడి అవసరం కూడా ఉంటుంది.

దీక్షల మీద ఉన్న మరో ఆక్షేపణ అంత తేలిగ్గా తోసిపుచ్చేది కాదు. శబరిమల నుంచి తిరిగివచ్చి మాల తీసిన సాయంత్రానికే మద్యం దుకాణం దారి పట్టేవారు ఉన్నారన్నది పల్లెపట్నాల్లో అందరికీ తెలిసిన పరిహాసం. గడువుతో కూడిన నియమం గడువు తీరగానే తీరిపోవడం సహజమే గనుక, మద్యం మానడమే అసలు లక్ష్యమైన మనిషికి నలభై రెండో రోజునుంచి ఏం చేయాలన్నది మాల వేసుకునే నాడే ఆలోచించుకోవలసిన సంగతి. సంప్రదాయం కూడా ఒక్క మండలంతో మనిషి మారిపోతాడని నమ్మినట్టు లేదు. మొదటిసారి మాల వేసినవాణ్ణి కన్నెస్వామి అనీ, రెండోసారి కత్తిస్వామి అనీ, మూడోసారి గంటస్వామి అనీ ఏటేటా పేరు మారుస్తూ, పద్దెనిమిదో ఏట కొండకు వచ్చినవాడి చేత సన్నిధానంలో కొబ్బరిమొక్క నాటించేలా ఆచారం ఏర్పడింది. ఈ పద్దెనిమిది ఏళ్లలో ఎన్నోసార్లు జారినవాడికి కూడా ప్రతి కార్తికంలో గురుస్వామి మాల వేస్తాడు. పోయిన ఏడు మాల తీశాక ఏం చేశావని అడగడం ఆ తంతులో ఎక్కడా లేదు.